రెండు రౌటర్లున్న ఇంట్లో ఫైళ్లు, ప్రింటర్లు పంచుకోవడం ఎలా?

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్నది ఇలా. ప్రొద్దుటూరులో మీకు కింద అంగడి, మిద్దె మీద ఇల్లు ఉన్నాయి. ఫైబర్ బాక్సు అంగడిలో ఉంది. దాని వైఫై పైకి అందకపోవడంతో ఒక కేబులు పైకి లాగించి రెండో రౌటరు పెట్టించారు. అప్పటి నుండి కింది పరికరాలకు 192.168.1తో, పైవాటికి 192.168.0తో మొదలయ్యే చిరునామాలు వస్తున్నాయి. ఇంటర్నెట్ రెండు చోట్లా బాగానే ఉంది. కానీ పైన ఉన్న ల్యాప్‌టాపులో అంగడి కంప్యూటరు కనిపించడం లేదు, అంగడి నుండి మిద్దె మీది వైఫై ప్రింటరుకు బిల్లు పంపితే ఆఫ్‌లైన్ అని వస్తోంది.

సూటిగా జవాబు: మీ ఇంటికి రెండు సబ్‌నెట్‌లు, అంటే ఒకే రకం అంకెలతో మొదలయ్యే చిరునామాలున్న రెండు విడి గుంపులు, అక్కర్లేదు. రెండో రౌటరును యాక్సెస్ పాయింటుగా (సొంత నెట్‌వర్కు లేకుండా వైఫై మాత్రమే అందించే పరికరంగా) మార్చి అంతా ఒకే నెట్‌వర్కు చేసుకోండి. అద్దెకున్నవాళ్లను వేరుగా ఉంచాలనో, మరే కారణం చేతనో రెండూ విడిగానే ఉండాలంటే, పంచుకోవలసిన ప్రింటరును, ఫోల్డరును ఫైబర్ బాక్సు వైపు ఉంచి, వాటిని పేరుతో వెతకకుండా ఐపీ చిరునామాతో పిలవండి. కడప చుట్టుపక్కల ఇళ్లకు, చిన్న ఆఫీసులకు నెట్‌వర్కు పనులు చేసే నాకు ఎదురయ్యే ఇటువంటి ఫిర్యాదుల్లో చాలా భాగం ఈ రెండింటిలో ఏదో ఒకదానితో తీరిపోతాయి. మిగిలిన మార్గాలు ఉన్నాయి గాని, వాటి జోలికి ఎప్పుడు వెళ్లాలో కూడా కింద చెబుతాను.

ముందుగా కారణం తెలుసుకుంటే, ఎవరో చెప్పిన సెట్టింగులన్నీ మార్చి చూసే శ్రమ తప్పుతుంది. విండోస్‌లో ‘నెట్‌వర్క్’ అనే చోట కంప్యూటర్లు వాటంతట అవే కనిపించడానికి, ఫోనులో ప్రింటరు దానంతట అదే కనిపించడానికి ఆధారం ఆ పరికరాలు వేసే దండోరా. నేను ఇక్కడున్నాను, నా దగ్గర ఫలానా సేవ ఉంది అని అవి తమ సబ్‌నెట్ అంతటికీ చాటుతాయి. దండోరా ఊరి పొలిమేర దాటనట్టే ఈ చాటింపు కూడా రౌటరు దాటదు. ఫోన్లు, ఆపిల్ పరికరాలు వాడే ఎం‌డీఎన్ఎస్ చాటింపు 224.0.0.251 అనే చిరునామాకు 5353 పోర్టు (ఒకే చిరునామాలో ఒక్కో సేవకు ఉండే తలుపు సంఖ్య) మీద వెళుతుంది. ఆ శ్రేణి చిరునామాలను రౌటరు ముందుకు పంపకూడదన్నది నియమం. విండోస్ కంప్యూటర్లు ఒకదాన్నొకటి కనుగొనడానికి వాడే 3702 పోర్టు చాటింపు కూడా మామూలు ఇంటి రౌటరు దగ్గరే ఆగిపోతుంది.

అయితే కనిపించకపోవడం వేరు, చేరలేకపోవడం వేరు. ఫైళ్లు నిజంగా ప్రయాణించేది 445 పోర్టు మీద, ప్రింటుకు వెళ్లే పని ఎక్కువగా 9100 లేదా 631 పోర్టు మీద. ఇవి నేరుగా ఒక చిరునామాకు వెళ్లేవి కాబట్టి, దారి ఉంటే రౌటరు దాటి వెళ్లగలవు. మీ ఇంట్లో ఆ దారి ఒక వైపు మాత్రమే తెరిచి ఉంది. మీ రెండో రౌటరు తన వెనుక ఉన్న పరికరాలన్నింటినీ తన ఒక్క చిరునామా వెనుక దాచి బయటికి పంపుతుంది. దీనినే న్యాట్ అంటారు. అందువల్ల పైనుండి కిందికి మొదలుపెట్టిన మాట వెళుతుంది, దానికి బదులు కూడా తిరిగి వస్తుంది. కిందినుండి పైకి మొదలుపెట్టిన మాటను మాత్రం, ఇది ఎవరికి ఉద్దేశించినదో తెలియక, రౌటరు పారేస్తుంది. ఇప్పుడు మీ రెండు ఫిర్యాదులను చూడండి. మొదటిది, అంగడి కంప్యూటరు పైన కనిపించకపోవడం, కేవలం చాటింపు సమస్య. దారి ఉంది. రెండోది, అంగడి నుండి పై ప్రింటరుకు పంపలేకపోవడం, నిజంగానే దారి లేని సమస్య. రెండూ చూడటానికి ఒకటిగా ఉన్నా మందు వేరు.

ఒకే నెట్‌వర్కుగా మార్చే పద్ధతి. కొత్త రౌటర్లలో చాలావాటికి మెనూలోనే ‘యాక్సెస్ పాయింట్ మోడ్’ ఉంటుంది. దానిని ఎంచుకుంటే మిగిలిన మార్పులు అదే చేసుకుంటుంది. అది లేని పాత రౌటరైతే చేతితో చేయవచ్చు. ఒక ల్యాప్‌టాపును కేబులుతో రెండో రౌటరు ల్యాన్ పోర్టుకు (లోపలి పరికరాల కేబులు పెట్టే రంధ్రానికి) కలిపి, దాని పేజీలోకి వెళ్లి, రౌటరు సొంత చిరునామాను 192.168.1.2గా మార్చండి. మళ్లీ ఆ కొత్త చిరునామాతో లోపలికి వెళ్లి డీహెచ్‌సీపీని, అంటే పరికరాలకు చిరునామాలు పంచే సదుపాయాన్ని, ఆపేయండి. చివరగా కిందినుండి వచ్చిన కేబులును వ్యాన్ పోర్టులోంచి (బయటి నుండి ఇంటర్నెట్ వచ్చే రంధ్రంలోంచి) తీసి ఏదైనా ల్యాన్ పోర్టులో పెట్టండి. వ్యాన్ పోర్టు ఖాళీగానే ఉండాలి. ఇంతే పని. ఇక ఇంటికంతటికీ చిరునామాలు ఇచ్చేది ఫైబర్ బాక్సు ఒక్కటే. ఈ పనిలో జాగ్రత్త పడవలసింది 192.168.1.2ను ఫైబర్ బాక్సు మరో ఫోనుకు ఇచ్చేయకుండా చూడటంలోనే ఉంది. బాక్సు డీహెచ్‌సీపీ శ్రేణి 192.168.1.2 నుండే మొదలవుతుంటే దానిని 192.168.1.20 నుండి మొదలయ్యేలా మార్చి, కింది అంకెలను ఇటువంటి పరికరాలకు విడిచిపెట్టండి.

రెండింటికీ ఒకే వైఫై పేరు, ఒకే పాస్‌వర్డు పెట్టుకోవచ్చు. అయితే 2.4 గిగాహెర్ట్జ్ మీద ఒకదానికి 1వ ఛానెల్, మరొకదానికి 6 లేదా 11వ ఛానెల్ ఇవ్వండి. మీరు వైఫై పేరు మారిస్తే ప్రింటరును కొత్త పేరుకు మళ్లీ కలపాలి. చవక ప్రింటర్లలో చాలావరకు 2.4 గిగాహెర్ట్జ్ వైఫైనే అందుకుంటాయన్నది కూడా గుర్తుంచుకోండి.

మన వైపు ఇళ్లలో రెండో రౌటరు అవసరం ఎక్కువగా గోడల వల్లే వస్తుంది. మందపాటి రాతి గోడలు, పైన కాంక్రీటు స్లాబు, దాని మీద పరచిన కడప బండలు దాటేసరికి వైఫై నీరసిస్తుంది. ఒక్క రౌటరుతో ఇల్లంతా వస్తుందని చెప్పే అమ్మకందారు మాటను రాతి కట్టడాల విషయంలో నేను నమ్మను. మీరు కేబులు లాగించి మంచి పని చేశారు. రాగి కేబులు వంద మీటర్ల దాకా పనిచేస్తుంది కాబట్టి మామూలు ఇంటికి దూరం ఎప్పుడూ అడ్డు కాదు.

ఒకే నెట్‌వర్కు అయ్యాక కూడా ఒకదానికొకటి కనిపించకపోతే వెంటనే రెండు చోట్ల చూడండి. మొదటిది గెస్ట్ వైఫై, లేదా ‘ఏపీ ఐసొలేషన్’ అనే సెట్టింగు. ఇది వైఫై పరికరాలను ఒకదానితో ఒకటి మాట్లాడనివ్వదు. రెండోది విండోస్‌లో ఆ నెట్‌వర్కు ‘పబ్లిక్’గా గుర్తింపు పొంది ఉండటం. దానిని ‘ప్రైవేట్’ చేసి, ఫైలు, ప్రింటరు షేరింగును ఆన్ చేయాలి. ఇంకొక చిక్కు ఉంది. కొన్ని ల్యాప్‌టాపులు ఇంటి వైఫైకి కాకుండా ప్రింటరు సొంతంగా ప్రసారం చేసే ‘వైఫై డైరెక్ట్’కు కలిసి ఉంటాయి. అప్పుడు ఆ ఒక్క ల్యాప్‌టాపులో మాత్రమే ప్రింటు వస్తుంది, అందులో ఇంటర్నెట్ మాత్రం ఉండదు. ఇది చూసి ప్రింటరు బాగానే ఉంది, నెట్‌వర్కులోనే ఏదో లోపం ఉంది అని అనుకునేవారు ఎక్కువ.

ఇక ఉన్నది ఉన్నట్టుగానే ఉంచి పని జరుపుకోవాలంటే. పైనున్న ల్యాప్‌టాపులో ఫైల్ ఎక్స్‌ప్లోరర్ చిరునామా పట్టీలో రెండు వెనుక గీతలు (\\) పెట్టి అంగడి కంప్యూటరు ఐపీ చిరునామా, ఉదాహరణకు 192.168.1.50, కొట్టి చూడండి. షేరింగు సరిగా ఉంటే వాడుకరి పేరు, పాస్‌వర్డు అడుగుతుంది. చాలామంది ఇక్కడే ఇరుక్కుంటారు. కంప్యూటరు తెరవడానికి వాడే నాలుగంకెల పిన్ నెట్‌వర్కులో చెల్లదు. పాస్‌వర్డు లేని ఖాతాను కూడా విండోస్ నెట్‌వర్కు ద్వారా లోపలికి రానివ్వదు. అందువల్ల అంగడి కంప్యూటరులో ఈ పనికి మాత్రమే ఒక స్థానిక ఖాతా సృష్టించి, దానికి పాస్‌వర్డు పెట్టి, అవసరమైన ఫోల్డరు ఒక్కటే ఆ ఖాతాకు తెరవండి. పాస్‌వర్డు లేకుండా ఎవరైనా రావచ్చన్న పాత పద్ధతి విండోస్ 11 కొత్త ప్రో కూర్పుల్లో అప్రమేయంగా మూసివేయబడింది. దానిని తిరిగి తెరిచే చిట్కాలు వీడియోల్లో కనిపిస్తాయి గాని, ఖాతా సృష్టించడానికి పట్టే సమయం అంతకంటే తక్కువ.

అంగడిలోని యూఎస్‌బీ ప్రింటరును పైనుండి వాడాలంటే దారి ఇదే. యూఎస్‌బీ ప్రింటరుకు సొంత ఐపీ చిరునామా ఉండదు కాబట్టి అది కలిసి ఉన్న కంప్యూటరు ఆన్‌లో ఉన్నంతసేపే షేరింగు పనిచేస్తుంది. 2021లో విండోస్ ప్రింటు వ్యవస్థలో బయటపడిన ‘ప్రింట్ నైట్‌మేర్’ లోపం తరువాత, షేరు చేసిన ప్రింటరు డ్రైవరును ఎక్కించడానికి అడ్మిన్ అనుమతి తప్పనిసరి అయింది. కాబట్టి పై ల్యాప్‌టాపులో ముందుగా ఆ మోడల్ డ్రైవరును అడ్మిన్‌గా విడిగా ఎక్కించి, ఆ తరువాత ప్రింటరును కలపండి. 11బీతో ముగిసే దోష సంఖ్య వస్తే రెండు కంప్యూటర్ల అప్‌డేట్లు ఒకే స్థాయిలో లేవని అనుమానించి రెండింటినీ పూర్తిగా అప్‌డేట్ చేయండి. రిజిస్ట్రీలో రక్షణను తగ్గించమనే చిట్కాను నేను సలహాగా ఇవ్వను.

కిందినుండి పై వైఫై ప్రింటరుకు పంపడానికి, రెండు నెట్‌వర్కులూ ఉంచుతూనే, సులువైన దారి ప్రింటరును పై రౌటరుకు కాక ఫైబర్ బాక్సు నెట్‌వర్కుకు కలపడం. అప్పుడు కిందివారికి అది సొంత సబ్‌నెట్‌లో ఉంటుంది, పైవారు ఐపీ చిరునామాతో చేరుకుంటారు. వైఫై అందనందువల్ల అది కుదరకపోతే, రెండో రౌటరులో పోర్టు ఫార్వర్డింగు పెట్టవచ్చు. 9100 పోర్టుకు వచ్చిన పనిని ప్రింటరు చిరునామాకు, ఉదాహరణకు 192.168.0.60కి, పంపమని చెప్పి, అంగడి కంప్యూటరులో ‘టీసీపీ/ఐపీ ప్రింటరు’గా రెండో రౌటరు వ్యాన్ చిరునామాను ఇవ్వాలి. ప్రింటు వస్తుంది. స్కానింగు సాధారణంగా రాదు. ప్రింటరు బాగానే ఉన్నా విండోస్ ఆఫ్‌లైన్ అని మొండికేస్తే, ఆ పోర్టు సెట్టింగుల్లో ‘ఎస్ఎన్ఎంపీ స్టేటస్’ టిక్కు తీసేయండి. విండోస్ ప్రింటరు స్థితిని 161 పోర్టు మీద అడుగుతుంది, మనం తెరిచింది 9100 మాత్రమే కాబట్టి బదులు రాక అది ఆఫ్‌లైన్ అనుకుంటుంది.

ఈ ఫార్వర్డింగును రెండో రౌటరులో తప్ప ఫైబర్ బాక్సులో ఎన్నడూ పెట్టకండి. రెండో రౌటరుకు బయట ఉన్నది మీ అంగడి, ఫైబర్ బాక్సుకు బయట ఉన్నది ప్రపంచం. 445 పోర్టును ప్రపంచానికి తెరిచి ఉంచితే ఏమవుతుందో 2017 మే నెలలో ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వన్నాక్రై వైరస్ చూపించింది. విండోస్ ఫైళ్లు పంచుకునే పద్ధతి అయిన ఎస్ఎంబీ మొదటి కూర్పులోని లోపాన్ని పట్టుకుని అది వ్యాపించినప్పుడు మన రాష్ట్ర పోలీసు శాఖ కంప్యూటర్లు కూడా దాని బారిన పడ్డాయి. అదే ఏడాది చివరిలో వచ్చిన విండోస్ 10 కూర్పు నుండి మైక్రోసాఫ్ట్ ఆ పాత ఎస్ఎంబీని అప్రమేయంగా ఇవ్వడం మానేసింది. పాత కంప్యూటరు కనిపించడం లేదని దానిని తిరిగి ఆన్ చేయమనే సలహా ఇప్పటికీ తిరుగుతూనే ఉంది. సబ్‌నెట్‌లు వేరైనప్పుడు దానివల్ల ప్రయోజనం కూడా ఉండదు, ఎందుకంటే ఆ పాత పద్ధతి కూడా చాటింపు మీద ఆధారపడినదే.

విస్తృతంగా వినిపించే మరో సలహా సబ్‌నెట్ మాస్కును, అంటే సబ్‌నెట్ హద్దును చెప్పే అంకెలను, 255.255.255.0 నుండి 255.255.0.0కు మార్చమనడం. రెండూ 192.168తోనే మొదలవుతాయి కదా, కలిసిపోతాయి అన్నది దాని వెనుక ఉన్న ఊహ. జరిగేది దీనికి వ్యతిరేకం. మాస్కు మార్చగానే అంగడి కంప్యూటరు పై ప్రింటరును తన పక్కనే ఉన్నదిగా భావించి, రౌటరుకు అప్పగించవలసిన పనిని అప్పగించకుండా తానే నేరుగా వెతుకుతుంది. నడుమ రౌటరు ఉన్నంత కాలం అది దొరకదు. రెండు వైపులా ఒకే 192.168.1 శ్రేణి పెట్టుకున్నవారికి వచ్చే ఇబ్బంది కూడా ఇటువంటిదే.

మూడో మార్గం రెండో రౌటరులో న్యాట్ ఆపేసి, ఫైబర్ బాక్సులో స్టాటిక్ రూట్ రాయడం: 192.168.0.0కు వెళ్లవలసినది 192.168.1.2 (రెండో రౌటరు వ్యాన్ చిరునామా ఇదనుకుందాం) ద్వారా పంపు అని. నియమం ప్రకారం ఇదే అసలైన పద్ధతి, దారి రెండు వైపులా తెరుచుకుంటుంది. అయినా ఇళ్లకు దీనిని నేను అరుదుగా చెబుతాను. ఇంటర్నెట్ సంస్థలు ఇచ్చే బాక్సుల్లో చాలావాటిలో స్టాటిక్ రూట్ మెనూ దాచి ఉంటుంది లేదా ఉండదు. ఉన్నా, కొన్ని బాక్సులు తమది కాని సబ్‌నెట్‌కు ఇంటర్నెట్ ఇవ్వవు. పైగా అంగడి కంప్యూటరు పంపిన మాట ఫైబర్ బాక్సు మీదుగా పైకి వెళ్లి, దాని బదులు మాత్రం బాక్సును తాకకుండా రెండో రౌటరు నుండి నేరుగా కంప్యూటరుకు చేరుతుంది. సంభాషణలో సగమే చూసిన బాక్సు ఫైర్‌వాల్ కొన్నిసార్లు దానిని నడుమ తెంచేస్తుంది.

ఇక్కడే ఒక వింత ఉంది. న్యాట్ ఉన్నప్పుడు పైనుండి బాగా పనిచేసిన షేరింగు, అంతా సరిచేశామనుకుని న్యాట్ తీసేయగానే ఆగిపోతుంది. విండోస్ ఫైర్‌వాల్‌లో ఫైలు, ప్రింటరు షేరింగు నియమాలు ప్రైవేట్ నెట్‌వర్కులో ‘లోకల్ సబ్‌నెట్’ నుండి వచ్చినవాటిని మాత్రమే రానిస్తాయి. న్యాట్ ఉన్నంత కాలం పై ల్యాప్‌టాపు మాట రెండో రౌటరు చిరునామాతో, అంటే 192.168.1.2తో వస్తుంది కాబట్టి విండోస్ దానిని ఇంటివాడిగానే చూస్తుంది. న్యాట్ పోయాక అదే మాట 192.168.0తో వస్తుంది, విండోస్ తలుపు మూస్తుంది. దీనికి మందు ఫైర్‌వాల్‌ను ఆపేయడం కాదు. ఆ నియమం ‘స్కోప్’లో 192.168.0.0/24ను చేర్చాలి. ఒక పరికరం పలుకుతోందా అని చూసే పింగ్ కూడా ఇదే నియమానికి లోబడుతుంది కాబట్టి, వేరే సబ్‌నెట్ నుండి పింగ్‌కు బదులు రాకపోయినంత మాత్రాన దారి లేదని నిర్ణయించుకోకండి. పవర్‌షెల్‌లో ‘టెస్ట్-నెట్‌కనెక్షన్’ ఆదేశంతో 445 లేదా 9100 పోర్టును అడిగి చూడటం నమ్మదగిన పరీక్ష.

రెండు నెట్‌వర్కులు ఉండటమే మేలైన సందర్భాలూ ఉన్నాయి. అనంతపురంలో ఒక మూడంతస్తుల ఇంటి యజమాని అద్దెకున్న రెండు కుటుంబాలకు ఒకే ఇంటర్నెట్ పంచుతూ, ఒక లేజర్ ప్రింటరు అందరికీ ఉమ్మడిగా ఉండాలని కోరారు. ప్రతి ఇంటికీ ఒక సొంత రౌటరు ఇచ్చి, ప్రింటరును మాత్రం ఫైబర్ బాక్సుకు కేబులుతో కలిపాను. ఎవరైనా ఐపీ చిరునామాతో ప్రింటు తీసుకోవచ్చు, ఒకరి ఇంట్లోని ఫోల్డర్లు మరొకరికి అందవు. ఇందులో యజమాని కూడా సొంత రౌటరు వెనుకే ఉండాలన్నది ముఖ్యం. బయటి నెట్‌వర్కులో ఉన్నది లోపలివారందరికీ అందుతుంది కాబట్టి, ఆయన ఫైళ్లున్న కంప్యూటరు ప్రింటరు పక్కనే ఉంటే వేరు చేసిన ప్రయోజనం పోతుంది. మీ అంగడిలో కొనుగోలుదారులకు వైఫై పాస్‌వర్డు చెప్పే అలవాటు ఉంటే మీరూ దీని గురించి ఆలోచించాలి. అయితే దానికి ఫైబర్ బాక్సులోని గెస్ట్ వైఫై చాలు, మొత్తం ఇంటిని విడదీయనక్కర్లేదు.

కర్నూలులో ఒక ఆడిటరు గారి ఇంట్లో సంగతి వేరు. కింద ఆఫీసులో ట్యాలీ డేటా ఫోల్డరు, మేడ మీద ఆయన రాత్రిపూట పనిచేసే ల్యాప్‌టాపు ఉన్నాయి. దారి ఉంది, ఫోల్డరు తెరుచుకుంటోంది, కానీ నడుమ వైఫై ఎక్స్‌టెండరు ఉండటం వల్ల పని మధ్యలో తెగిపోతోంది. లెక్కల డేటా తెరిచి ఉండగా నెట్‌వర్కు తెగడం ప్రింటు ఆగిపోవడం వంటి చిన్న విషయం కాదు, డేటా చెడిపోయే ప్రమాదం ఉంది. అక్కడ ఎక్స్‌టెండరు తీసేసి, కేబులు లాగి, ఒకే సబ్‌నెట్ చేశాము. మీ అంగడి లెక్కలు కూడా షేరు ఫోల్డరులోనే ఉంటే, వాటిని వాడే రెండు కంప్యూటర్లనూ కేబులుతోనే కలపండి.

ఏ మార్గం ఎంచుకున్నా, ప్రింటరుకు, అంగడి కంప్యూటరుకు, రెండో రౌటరుకు చిరునామాలు మారకుండా రిజర్వు చేయండి. ఐపీతో పిలిచే పద్ధతి అంతా దాని మీదే నిలబడి ఉంది. మన దగ్గర ఎండాకాలంలో కరెంటు పోయి వచ్చిన తరువాతే ‘నిన్నటిదాకా బాగుంది’ అన్న ఫోన్లు ఎక్కువగా వస్తాయి. కరెంటు రాగానే ప్రింటరు ముందు లేచి, చిరునామా ఇచ్చే బాక్సు ఇంకా లేవకపోతే, ప్రింటరు 169.254తో మొదలయ్యే తాత్కాలిక చిరునామా పెట్టుకుని కూర్చుంటుంది. ఆ అంకెలు కనిపిస్తే సెట్టింగులేవీ మార్చకుండా ప్రింటరును ఒకసారి ఆపి ఆన్ చేస్తే చాలు. ఫైబర్ బాక్సుకు, రౌటరుకు చిన్న రౌటర్ యూపీఎస్ పెట్టుకుంటే ఈ బాధ చాలావరకు ఉండదు.

ఫోన్ల సంగతి ఒక్క మాట. ఆండ్రాయిడ్‌లోని డిఫాల్ట్ ప్రింట్ సర్వీసులో ప్రింటరు ఐపీ చిరునామాను చేతితో చేర్చవచ్చు, కాబట్టి వేరే సబ్‌నెట్ అయినా నెట్టుకురావచ్చు. ఐఫోన్‌లో మామూలుగా అలా చేర్చే వీలు లేదు, అది చాటింపు వింటేనే ప్రింటరును చూపిస్తుంది. సబ్‌నెట్‌ల మధ్య ఆ చాటింపును మోసే ఎం‌డీఎన్ఎస్ రిఫ్లెక్టర్ అనేది కొన్ని ఖరీదైన రౌటర్లలోను, ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఎక్కించిన వాటిలోను దొరుకుతుంది. మీ ఇంట్లో ఐఫోన్లు ఉంటే యాక్సెస్ పాయింటు మార్గానికి ఇది మరో కారణం.

మీరు ముందు చేయవలసింది రెండో రౌటరు మెనూలో యాక్సెస్ పాయింట్ మోడ్ ఉందేమో చూడటం. లేకపోతే రౌటరు అడుగున చీటీ మీదున్న మోడల్ సంఖ్యను, ఫైబర్ బాక్సు డీహెచ్‌సీపీ శ్రేణిని ఇక్కడ రాయండి, ఏ అంకెలు ఎక్కడ పెట్టాలో చెబుతాను. బాక్సు పాస్‌వర్డును మాత్రం ఇక్కడ రాయకండి.